ఇరవై ఏడుతో మొదలైన అంకెలు

స్టేషన్లో విచారణ గది తలుపు తోసేసరికి ఆ పిల్ల కుర్చీతో సహా నేల మీద ఉంది. పై పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదుగా కారి మెడ దగ్గర గడ్డకట్టింది. బేడీలు వేసిన చేతులు నేలకి ఆనించి లేవబోతోంది, లేవలేక మళ్ళీ పడుతోంది. పక్కనే గూబ నిలబడి అరచెయ్యి రుద్దుకుంటున్నాడు.

గూబ అంటే ఇన్‌స్పెక్టర్. అసలు పేరు స్టేషన్లో ఎవరూ వాడరు. ఎవడు దొరికినా ముందు చెవి కింద ఒకటి వాయించి, గూబ గుయ్యిమనిపించి, ఆ తర్వాతే పేరు అడుగుతాడు. ఒకప్పుడు నా కింద ఎస్సైగా పనిచేశాడు. నేను ఆ కొలువుకో దణ్ణం పెట్టి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాక నా కుర్చీ వాడికి దక్కింది. నా బుద్ధి మాత్రం దక్కలేదు.

"తలుపు కొట్టి రావాలని తెలీదా మేడమ్?" అన్నాడు.

"నువ్వు మనిషిని కొట్టే పనిలో ఉన్నావు కదా, తలుపు కొడితే వినపడదని వచ్చేశాను."

వాడు ఆ పిల్ల మీదకి మళ్ళీ చెయ్యెత్తాడు. అది కిందికి దిగకముందే మణికట్టు పట్టుకుని వెనక్కి మెలితిప్పాను. నాకు యాభై దాటాయి. మోకాళ్ళు మొరాయిస్తాయి గానీ చేతులు ఇంకా నా మాట వింటాయి. వాడు రెండో చేత్తో నా భుజం పట్టి గోడకేసి కొట్టాడు. తల వెనక ఎముక గోడకి తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా వాడి మణికట్టు వదల్లేదు. కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి మా మధ్య దూరాడు.

"నీకెందుకీ గొడవ?" గూబ రొప్పుతూ అడిగాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకి దురద ఉందిరా. నోట్లోంచి రక్తం కారుతోంది, కనపడట్లేదా? వాళ్ళక్క నన్ను పెట్టుకుంది. బయట బెంచీ మీద కూర్చుంది. లాయరు రాసిచ్చిన కాగితం ఇదిగో. పావుగంట ఈ పిల్లతో మాట్లాడతాను. కావాలంటే నువ్వూ ఉండు. వింటే నీకే మంచిది."

కేసు ఇదీ. కార్ల తలుపులు తయారుచేసే ఫ్యాక్టరీలో, ఆ ఉదయం షిఫ్టు మొదలైన కాసేపటికే, పెద్ద ప్రెస్ కింద మేస్త్రీ నలిగి చనిపోయాడు. తలుపు ఆకారం మారినప్పుడల్లా ప్రెస్‌లో డై అనే ఉక్కు అచ్చు మార్చాలి. దాన్ని మార్చడానికి మేస్త్రీ ఒక్కడే లోపలికి దిగుతాడు. మనిషి లోపల ఉన్నంతసేపూ ఇనపజాలీ గేటు తెరిచి ఉంటుంది. గేటు తెరిచి ఉంటే ప్రెస్ కిందికి కదలకూడదు. కదిలింది. ప్రెస్‌ని నడిపేది కంప్యూటర్, దానికి ప్రోగ్రాం రాసేది ఈ పిల్ల. ఆ పూట వాడిన ఫైల్లో 'గేటు మూసేదాకా ఆగు' అన్న స్టెప్పు లేదు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించింది ఈ పిల్లే. పైగా మొన్ననే అందరి ముందూ మేస్త్రీతో పెద్ద రభస పడింది.

"ఆ రభస దేనికి?" ఆమెని లేపి కుర్చీలో కూర్చోబెడుతూ అడిగాను.

"గేటు స్విచ్చికి వైరు కట్టేశాడు మేడమ్. గేటు తెరిచి ఉన్నా మూసినట్టే చూపిస్తుంది. పని తొందరగా తెములుతుందని. తీసెయ్యమన్నాను. తీశాడు గానీ, 'నిన్నగాక మొన్న వచ్చి నాకు ప్రెస్ నేర్పుతావా' అని నానా మాటలూ అన్నాడు. నేనూ అన్నాను."

"ఏమన్నావు?"

"నువ్వే దాని కింద పడితే గానీ తెలిసిరాదు అన్నాను."

గూబ చప్పట్లు కొట్టాడు. "విన్నావా? ఇంకేం కావాలి?"

"నోరు జారినవాళ్ళందరూ హంతకులైతే ముందు మా అత్తగారిని ఉరి తియ్యాలి. నువ్వు కాసేపు ఊరుకో." ఆ పిల్ల వైపు తిరిగాను. "ఆ ఫైలు నువ్వు రాసిందేనా?"

"కాదు. నేను రాసిన దాంట్లో గేటు స్టెప్పు ఉంది. నిన్న సాయంత్రం చూసుకున్నాను కూడా. ఎవరో మార్చారు. ఫైలు చూపించమంటే ఈయన చూపించట్లేదు. చూస్తే చాలు, ఏ కంప్యూటర్ మిషన్ మీద రాశారో చెప్తాను."

"ఫైల్ని చూసి మిషన్ చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు." చొక్కా చేత్తో మూతి తుడుచుకుంది. పని గురించి మాట్లాడేసరికి ఆమె గొంతులో వణుకు తగ్గింది. "ప్రోగ్రాం సీ అనే కంప్యూటర్ భాషలో ఉంటుంది మేడమ్. ఒక్కో స్టెప్పూ మెమరీలో ఒక్కో గది అనుకోండి. ఏం చెయ్యాలో ఆ గదిలో ఉంటుంది. అది అయ్యాక ఏ గదికి వెళ్ళాలో, దాని అడ్రసు కూడా అందులోనే ఉంటుంది. ఆ అడ్రసునే పాయింటర్ అంటాం."

"సరే."

"ఆ గదులు మిషన్ నడుస్తున్నంతసేపే. ఆపి మళ్ళీ వేస్తే ఇంకోచోట కట్టుకుంటుంది. కాబట్టి ఫైల్లో అడ్రసు రాసి దాచుకుంటే లాభం లేదు. ఇల్లు ఖాళీ చేసి పోయినవాడి పాత గుమ్మం ముందు నిలబడి పిలిచినట్టే. నేనైతే స్టెప్పులకి వరసగా నెంబర్లు వేస్తాను. ఒకటి, రెండు, మూడు. 'దీని తర్వాత మూడోది' అని ఫైల్లో రాస్తాను. అప్పుడు ఏ మిషనైనా చదువుకుని తన గదులు తను కట్టుకుంటుంది."

"మరి అడ్రసులే రాసేవాళ్ళెవరు?"

"పాత ప్రోగ్రాం అలాగే చేసేది. పాయింటర్‌ని ఇంటిజర్‌గా, అంటే ఉత్త అంకెగా మార్చేసి ఫైల్లో పడేసేది. పాత మిషన్లు ఎన్నిసార్లు వేసినా గదుల్ని అదే చోట కట్టేవి, అందుకని నడిచిపోయింది. కొత్తదాంట్లో పాయింటర్ ఎనిమిది బైట్లు, ఆ ఇంటిజర్‌కి నాలుగే. సగం అడ్రసు తెగిపోతుంది. అందుకే నేనొచ్చాక ఆ పద్ధతి తీసేశాను. కానీ పాత ఫైళ్ళు వందలకొద్దీ ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు అడ్రసుల్ని నెంబర్లుగా మార్చుకునే ముక్క ఒకటి రాసి పెట్టాను."

"అంటే పాత మిషన్ మీద రాసిన ఫైలు తెచ్చినా కొత్త ప్రెస్ నోరుమూసుకుని చదువుతుంది."

"చదువుతుంది. నాది కాకపోతే అందులో ఒకటి, రెండు ఉండవు, చాంతాడంత అంకెలుంటాయి. ఒక మిషన్‌లో పుట్టిన అంకెలు ఇంకో మిషన్‌లో పుట్టవు. ముందు రెండంకెలు చూస్తే ఏ మిషనో తెలిసిపోతుంది."

గూబ ఆవలించాడు. నేను చెయ్యి చాపాను. "ఆ ఫైలు ప్రింటు ఇటివ్వు."

"ఇవ్వను."

"సరే. చూపించమని ఈ పిల్ల అడిగిందనీ, నువ్వు చూపించలేదనీ సాయంత్రం మెజిస్ట్రేటుకి లాయరు చెప్తాడు. పెదవి ఎలా చిట్లిందో కూడా ఆయనే అడుగుతాడు."

వాడు కాసేపు నన్ను కొరికేసేలా చూసి, బల్ల సొరుగు లాగి కాగితం నా మొహాన విసిరాడు. నేను దాన్ని ఆ పిల్ల ముందు పరిచాను. పైన ఆమె పేరు అచ్చయి ఉంది. పెన్‌డ్రైవ్ ఎవరు ఎక్కిస్తే వాళ్ళ పేరు కొత్త కంప్యూటర్ దానంతటదే వేస్తుందట. కింద ఒక్కో వరసలో ఒక్కో స్టెప్పు, దాని చివర ఎనిమిదంకెల సంఖ్య. అన్నీ ఇరవై ఏడుతో మొదలయ్యాయి.

నాకు సంతోషం ఆగలేదు. "చూశావా? ఒకటీ రెండూ లేవు. ఇది నీది కాదు. ఏ మిషనో చెప్పు, బయటపడతావు."

ఆ పిల్ల అంకెల మీద వేలు పెట్టి రెండు మూడు వరసలు కిందికి జరిపింది. వేలు ఒక అంకె దగ్గర ఆగిపోయింది. కాగితాన్ని మెల్లగా నా వైపు తోసేసి, గూబ మొహంలోకి చూసింది.

"నేనే రాశాను."

"ఏమిటీ?"

"నేనే సార్. మేస్త్రీని చంపాలనే రాశాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

గూబ మొహం చాటంత అయింది.  పొద్దుట్నుంచీ దెబ్బలు తింటూ కాదన్న పిల్ల, కాదని రుజువు చేసే కాగితం చేతికొచ్చాక అవునంది. ఆ అంకెల్లో ఎవరినో గుర్తుపట్టింది. ఆ మనిషి కోసం తను చచ్చిపోవడానికి కూడా ఒప్పుకుంటోంది.

వంగి చెవిలో అడిగాను. "ఆ మిషన్ ఎవరి దగ్గరుంది?"

"నాకు తెలీదు. మీరు వెళ్ళిపోండి మేడమ్. ఏడవొద్దని అక్కకి చెప్పండి." కన్నీళ్ళు కారి పెదవి మీద రక్తంలో కలుస్తున్నాయి.

"మధ్యాహ్నం ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి ఎలా చేసిందో చేయించి చూస్తాను," అన్నాడు గూబ. "సాయంత్రం మెజిస్ట్రేటు ముందు ఒప్పుకోలు. నువ్వు ఇంటికెళ్ళి నడుముకి కాపడం పెట్టుకో."

మెజిస్ట్రేటు ముందు ఒకసారి ఒప్పుకుందంటే ఆ పిల్లని బ్రహ్మదేవుడు దిగొచ్చినా విడిపించలేడు. సాయంత్రంలోగా ఆ మిషన్ పట్టుకోవాలి. ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. గూబ తన ఆనందంలో అది గమనించలేదు.

అక్క బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాడనీ, ఒకే ఇంట్లో ఉండే చెల్లెలు తప్ప ఇంకెవరూ లేరనీ నా ఆఫీసుకొచ్చినప్పుడే చెప్పింది. జరిగింది చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఇన్‌స్పెక్టర్ కొట్టాడా?"

"కొట్టాడు."

"చేత్తోనా?"

"చేత్తోనే. పెదవి చిట్లింది."

తన అరచేతుల్లోకి చూసుకుంది. "మళ్ళీ ఎక్కడికి తీసుకెళ్తాడు?"

"ఫ్యాక్టరీకి. ప్రెస్ దగ్గర జరిగింది చేసి చూపించాలట. నువ్వు ఇంటికెళ్ళు. నేను ముందు అక్కడికే పోతున్నాను."

తలూపింది. నేను ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తాను. నా జన్మలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఆ మాట ఆమెకి చెప్పడం మొదటిది.

ప్రెస్ షెడ్డులో పని ఆపేశారు. ప్రెస్ రెండు నిలువుల ఎత్తుంది. పై డై పైకే ఉంది. కింది డై మీద కడిగినంత మేర కడిగి వదిలేశారు, బోల్టుల సందుల్లో రక్తం ఎండి నల్లబడింది. ఒక సందులో జుట్టు ఇరుక్కుని ఉంది. పక్కన మేస్త్రీ చెప్పు ఒకటి, ముందు సగం కాగితంలా అతుక్కుపోయి. గేటు స్విచ్చి పరిశీలించాను. వైరు కట్టిన గుర్తులు పాతవి, ఇప్పుడు వైరు లేదు. ఆ పిల్ల చెప్పింది నిజమే. స్విచ్చి సరిగ్గానే ఉంది, ప్రోగ్రామే దాన్ని అడగలేదు. డై మార్చేటప్పుడు పై డై దిగకుండా అడ్డం పెట్టాల్సిన ఉక్కు దిమ్మ గోడ వారన దుమ్ము పట్టి ఉంది. మేస్త్రీకి దాని అవసరం ఎప్పుడూ కనపడలేదన్నమాట.

వంగి ఆ దిమ్మని చూస్తున్నాను. వెనక కాలి చప్పుడు. తిరిగేలోపు ఇనపరాడ్డు నా ఎడమ భుజం మీద పడింది. భుజం చిట్లిన చప్పుడు నాకే వినపడింది. రెండో దెబ్బ తలకే వచ్చేది, పక్కకి దొర్లాను, రాడ్డు నేలకి తగిలి నిప్పురవ్వలు లేచాయి.

"హంతకురాలి తరఫున వచ్చావా? నిన్నూ ఇక్కడే పాతేస్తా!"

మేస్త్రీ తమ్ముడు. ఇదే షెడ్డులో ఆపరేటర్. గ్రీజు డబ్బా చేతికందితే వాడి మొహానికి విసిరాను. కళ్ళు మూసుకున్నాడు. పడుకునే మోకాలి చిప్ప మీద ఒక తన్ను తన్నాను. కూలబడ్డాడు. రాడ్డు లాక్కుని వాడి గొంతు మీద అడ్డంగా పెట్టి నా బరువంతా వేశాను.

"మీ అన్నని చంపింది ఆ పిల్ల కాదు. అసలు మనిషి కావాలా, ఎవరో ఒకరు చాలా?"

వాడు గింజుకున్నాడు. గింజుకుని గింజుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అన్నని మూట కట్టి ఇచ్చారు. మొహం కూడా లేదు. అమ్మకి ఏం చూపించను?"

రాడ్డు తీసేశాను. నా భుజంలో మంట మొదలైంది. ఇద్దరం కింది డైకి ఆనుకుని కూర్చున్నాం. పక్కనే వాళ్ళన్న రక్తం.

"మీ అన్న మీద పగ ఎవరికుంది? దాచకు, పోయినవాడికి ఇప్పుడు పోయే పరువేం లేదు."

వాడు మొహం మీది గ్రీజు తుడుచుకున్నాడు. "ఇదే ప్రెస్ కింద ఇంతకుముందు ఒక ఆపరేటర్ పోయాడు. అప్పుడు గేటుకి వైరు కట్టింది అన్నే. ఈ ఇన్‌స్పెక్టరే వచ్చాడు. తాగి వచ్చాడు, తన తప్పు వల్లే పోయాడు అని రాసి మూసేశాడు. అతను మందు వాసన కూడా పడని మనిషి. నాకు తెలుసు, అందరికీ తెలుసు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని ఊరుకున్నాం."

"ఆ ఆపరేటర్ ఎవరు?"

"ఆ పిల్లకి బావ."

 భర్త పోయాడని మాత్రమే చెప్పింది అక్క. ఎలా పోయాడో నేనూ అడగలేదు.

"ఈ ప్రెస్‌కి పాత కంప్యూటర్ ఉండేది కదా, ఏమైంది?"

"తుక్కు కింద పోయింది. పెట్టె మాత్రం ఉంది, పనిముట్లు పెట్టుకుంటున్నాం."

షెడ్డు పక్క గదిలోకి తీసుకెళ్ళాడు. తుప్పు పట్టిన ఇనప పెట్టె, లోపల స్పానర్లు. తలుపు లోపలివైపు ఎవరో ఎప్పుడో అంటించిన ప్రింటు, నూనె మరకలతో పసుపుపచ్చగా మారింది. అవే స్టెప్పులు, చివర్న ఎనిమిదంకెల సంఖ్యలు. జేబులోది తీసి పక్కన పెట్టాను. పెట్టెలోవన్నీ ఇరవై ఒకటితో మొదలయ్యాయి. నా దగ్గరున్నవి ఇరవై ఏడుతో.

"ఇది కాదు. ఇంకో పాత మిషన్ ఉండాలి."

"ఉండేది. ఆఫీసులో ప్రోగ్రాం రాసుకోవడానికి. రాసినావిడ ఉద్యోగం మానేసినప్పుడు ఇంటికి పట్టుకుపోయింది. పాత సామానే కదా అని ఎవరూ అడ్డం చెప్పలేదు."

"రాసినావిడా? ఎవరు?"

వాడు నన్ను వింతగా చూశాడు. "మీకు తెలీదా? ఆ పిల్ల అక్క. మొగుడు ప్రెస్ మీద, పెళ్ళాం ప్రోగ్రాం మీద. చెల్లెలికి ఈ పనంతా నేర్పింది కూడా ఆవిడే."

 పెన్‌డ్రైవ్ రాత్రంతా ఇంట్లోనే ఉంటుంది. అక్క తన పాత మిషన్ మీద ఫైలు తెరిచింది. ఒక్క స్టెప్పు తీసేసింది. తన పాత అలవాటు ప్రకారం అడ్రసుల్ని అంకెలుగా మార్చి దాచింది. చెల్లెలు పొద్దున్నే ఏమీ తెలియకుండా తెచ్చి ఎక్కించింది. కొత్త కంప్యూటర్ ఫైలు మీద పేరు వేస్తుందని ఉద్యోగం మానేసిన మనిషికి ఎలా తెలుస్తుంది? ప్రమాదం అనుకుంటారనుకుంది. చెల్లెల్ని పట్టుకుపోయేసరికి గుండె పగిలి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

మరి అప్పుడే తను ఒప్పుకుని చెల్లెల్ని విడిపించుకోవచ్చు కదా? ఎందుకు ఒప్పుకోలేదు? మొగుడి చావుకి బాధ్యులు ఇద్దరు. ఒకడు వైరు కట్టాడు, ఇంకొకడు అబద్ధం రాశాడు. రెండోవాడు ఇంకా బతికే ఉన్నాడు. వాడు మధ్యాహ్నం ఎక్కడుంటాడో చెప్పింది నేనే.

షెడ్డులో ప్రెస్‌ని నడిపే పంపు మోత మొదలైంది.

"ప్రెస్ ఎవరు వేశారు?" అన్నాడు తమ్ముడు.

పరిగెత్తాం.

గూబ ప్రెస్ లోపల ఉన్నాడు. కింది డై మీద ఒక మోకాలు పెట్టి, మేస్త్రీ ఎలా వంగాడో చూపిస్తున్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది. బయట కానిస్టేబులు, వాడి పక్కన బేడీలతో ఆ పిల్ల. కంప్యూటర్ ముందు అక్క. ప్రెస్ నడపడానికి మనిషి కావాలంటే నాకు వచ్చని తనే ముందుకొచ్చిందట. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం గూబ, రమ్మన్నాడు.

"బయటికి రారా!" గొంతు చించుకుని అరిచాను.

"ఏం, భయమా?" నవ్వాడు. "గేటు తెరిచి ఉంది, కదలదులే."

ఆ పిల్ల తన అక్క వైపు చూసింది. అక్క భుజం మీదుగా తెర మీది అంకెలు చూసింది. ఒక్కసారిగా కానిస్టేబుల్ని తోసేసి, ప్రెస్ లోపలికి దూకి గూబ పక్కన డై మీద కూర్చుంది.

"నేనూ ఇక్కడే ఉన్నానక్కా. ఆపు."

అక్క ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టింది. మళ్ళీ కొట్టింది. పిడికిలితో కొట్టింది. పై డై మూలుగుతూ కిందికి కదిలింది.

"ఆగదు! చిన్నీ, బయటికి రావే! ఆ బటన్ వైరు నేనే పీకేశాను!"

గూబకి అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల భుజం మీద కాలేసి, ఆమెని డై మీదకి తొక్కి, బయటికి గెంతాడు. ఆమె లేవబోయింది. బేడీల గొలుసు డై బిగించే బోల్టుకి తగులుకుంది. లాగింది, రాలేదు. తలకీ పై డైకీ మధ్య మూరెడు కూడా లేదు.

మెయిన్ స్విచ్చి షెడ్డు ఆ చివర ఉంది. భుజం పట్టుకుని అటు పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క బోర్లా లోపలికి దూకుతోంది. మేస్త్రీ తమ్ముడు ఉక్కు దిమ్మని రెండు చేతులా ఎత్తి, పళ్ళు బిగబట్టి, డైల మధ్యకి విసిరాడు. స్విచ్చి మీద వేలాడి కిందికి లాగాను. ఉక్కు మీద ఉక్కు పడింది. ఆ చప్పుడులోనే ఎముకలు విరిగిన చప్పుడు కూడా ఉంది. పంపు ఆగింది.

వచ్చి చూసేసరికి, అక్క గొలుసు విడదీసి బయటికి తోసేసిన ఆ పిల్ల నేల మీద పడి ఉంది, ఒంటి మీద ఎక్కడా కొత్త గాయం లేదు. అక్క మోకాళ్ళ మీద ఉంది. పై డై అంచు ఆమె కుడి మోచేతిని కింది డైకి నొక్కి పట్టేసింది. దిమ్మ పడకపోతే మనిషే మిగిలేది కాదు. రక్తం డై మీద నుంచి ధారగా కారుతోంది.

"చిన్నీ బయటికొచ్చిందా?"

"వచ్చింది," అన్నాను. 

"దాని బేడీలు తియ్యమనండి."

గూబ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తాళంచెవి తియ్యమంటే చెయ్యి బెల్టు దాకా పోవట్లేదు. నేనే లాక్కుని బేడీలు విప్పాను.

"కరెంటు వేసి పైకి లేపండి, చచ్చిపోతుంది!" అరిచాడు కానిస్టేబులు.

"వెయ్యకండి!" ఆ పిల్ల లేచింది. "కంప్యూటర్ కరెంటు వేరు, అది నడుస్తూనే ఉంది. అందులో అక్క ఫైలే ఉంది, వేస్తే ఇంకా కిందికే నొక్కుతుంది. పైకి లేపే స్టెప్పు ఉందా అక్కా?"

"తీసేశాను," అంది అక్క.

నా చున్నీ చింపి అక్క భుజం కింద బిగించి కట్టాను. మేస్త్రీ తమ్ముడు తన ఒంటి బరువుతో దిమ్మ జారకుండా కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. తన అన్నని చంపిన మనిషి ఆమేనని అప్పటికి వాడికి తెలిసిపోయింది. ఆమె మొహం వైపు చూడలేదు, కాలూ తియ్యలేదు. ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంది. బేడీలు కోసిన మణికట్లు వాచి, వేళ్ళు సరిగ్గా వంగట్లేదు. తన పాత ఫైలు వెతికి ఎక్కించింది. ఒక్కో స్టెప్పూ వేలితో చూపిస్తూ పైకి చదివింది. ఒకటి, పైకి లేపు. ఒకటి తర్వాత రెండు, గేటు మూసేదాకా ఆగు. రెండు తర్వాత మూడు. మధ్యలో ఆగి, మళ్ళీ మొదట్నుంచీ చదివింది. 

"వెయ్యండి మేడమ్."

స్విచ్చి ఎత్తాను. పంపు మోగింది. పై డై ఒక్క క్షణం ఊగి, మెల్లగా పైకి లేచింది. అక్క కింద పడబోతే చెల్లెలు పరిగెత్తుకెళ్ళి పట్టుకుంది. చెయ్యి ఉందా లేదా అని అక్క చూసుకోలేదు. చెల్లెలి చిట్లిన పెదవి వైపు చూసింది, తర్వాత గూబ వైపు.

"మేస్త్రీని చంపింది నేను. నిన్ను కూడా చంపుదామనే వచ్చాను," అంది. "కాగితం తీసి రాసుకో. ఈసారైనా జరిగింది జరిగినట్టు రాయి."